పలువురకు పంపిన తప్పు

పెదవి దాటిన మాట పృథివి దాటునని మన పెద్దలు చెప్పుదురు. వారి కాలమున మాట పృథివి దాటుటకు కొంత వ్యవధి పట్టెడిది. ఒక నోటనుండి మరియొక చెవికి పోవులోపల దానిని వెంబడించి సరిదిద్దుకొనుటకు వీలుండెడిది. ఇప్పుడో, మనము వ్రాసిన ఉత్తరము ఒక్క మీట నొక్కినంతనే ఊరిలోని ఇండ్లకును, సముద్రముల కావలనున్న బిడ్డలకును ఒక్క నిమేషముననే చేరుచున్నది. మంచిమాట యెంత వేగముగ పోవునో తప్పుమాటయు అంత వేగముగనే పోవును. అట్టి తప్పు చేసినవాడు పిమ్మట చేయవలసినదేమి? ఈ ప్రశ్న మాకు పుస్తకములలో తగులలేదు. మా యింటిముంగిటనే తగిలినది.

సికింద్రాబాదున మారేడుపల్లి ప్రాంతమున మేము నివసించు భవనమునందు 62 కాపురములు కలవు. రైల్వే కొలువునుండి విరమించినవారు, జనరల్ బజారున వర్తకము చేయువారు, సాఫ్టువేరు ఉద్యోగులు, తెలుగువారు, తమిళులు, గుజరాతీలు, అందరును అందున్నారు. ఇట్టిచోట ఒక సంఘమును, సంఘమునకొక కార్యదర్శియు ఉండక తప్పదు. కొంతకాలము ఆ పని మా నెత్తిన పడినది. మెయింటెనెన్సు రుసుము చెల్లింపనివారి పట్టికను అందరకును ఈ-మెయిలులో పంపినచో సిగ్గుపడియైన చెల్లింతురని సంఘమువారు తలచిరి. మేమును తలయూపితిమి. ఆ తలయూపుటయే మొదటి తప్పని ఇప్పుడు తోచుచున్నది. రెండవది, పట్టిక వ్రాయునప్పుడు పై వరుసలోని 11 నెలల బాకీని క్రింది వరుసలో వ్రాయుట.

ఆ క్రింది వరుసలోని పెద్దమనుష్యుడు డెబ్బది యేండ్లు దాటినవారు. రైల్వే లెక్కల శాఖలో ముప్పది యేండ్లకు పైగా పనిచేసినవారు. ప్రతినెల మొదటి తేదీననే రుసుము చెల్లించి రసీదు పుచ్చుకొని మడిచి జేబులో పెట్టుకొనువారు. ఇల్లు కుమారుని పేరనుండుటచే ఉత్తరము అమెరికాలోని కుమారునికిని పోయినది. అతడు ఆ రాత్రియే ఫోను చేసి, “నాన్నగారూ, డబ్బుకు ఇబ్బందిగా ఉన్నదా? మాకేల చెప్పలేదు?” అని యడిగెనట.

మరునాడు మా తప్పు మాకు తెలిసినది. అప్పుడు మేము చేసిన పనిని దాచక చెప్పెదము. ఆయనకు ఫోను చేసి క్షమింపుడని వేడితిమి. తక్కినవారికి “సవరించిన పట్టికను చూడుడు” అని యొక్క పంక్తి వ్రాసి క్రొత్త పట్టికను పంపితిమి. తప్పేదో, ఎవరిదో అందులో లేదు. పని ముగిసినదని హాయిగా భోజనము చేసితిమి.

రెండు దినములైన పిదప ఆయన గుడ్డసంచి చేతబట్టుకొని వచ్చిరి. అందులో ఆరేండ్ల రసీదులున్నవి. క్రింద కాపలావాని బల్లయొద్ద కూర్చుండి, వచ్చుపోవువారికి వానిని చూపుచున్నారని మాకంతకుముందే తెలిసినది. మేము తలవంచుకొని నిలువగా ఆయన కోపపడలేదు. “అయ్యా, నా పేరు అందరి యెదుట పోయినది. తమరు దానిని ఫోనులో రహస్యముగా తిరిగి యిచ్చినచో నేనేమి చేసికొందును?” అనిరి.

ఆ మాటకు మాయొద్ద సమాధానము లేకపోయెను. అటుపిమ్మట ఆలోచింపగా మేము ఋణపడినది ఆయనకొక్కరికే కాదని తోచినది. మిగిలిన 61 ఇండ్లవారికిని మేమొక అబద్ధమును ఇచ్చియుంటిమి. పొరుగువానినిగూర్చి వారి మనస్సులో లేని చెడుతలంపును మేమే నాటితిమి. మెట్లమీద ఆయన ఎదురైనప్పుడు వారు చూచిన చూపు మా చేతివ్రాతయే. సవరించిన పట్టికను మొదటిదానితో సరిపోల్చి చూచు ఓపిక ఎవ్వరికుండును? బాకీదారుల పేర్లను ఒకమారు రుచిచూచినవారు రెండవ కాగితమును విప్పనైన విప్పరు.

ఈ విషయమున మన పాత తెలుగు గ్రంథములు మాకంటె నిజాయితీ గలవి. వాని చివర తప్పొప్పుల పట్టిక యుండెడిది. పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని తప్పును ఒప్పు ప్రక్కనే నిలిపెడివారు. తప్పును చూపనిదే ఒప్పు తెలియదని ఆ ముద్రాపకులు ఎరుగుదురు. మేము ఒప్పును మాత్రము పంపి తప్పును మరుగుపరచితిమి. అది సవరణ కాదు, కప్పిపుచ్చుట.

మన భాషయు ఇందుకు తోడ్పడుచున్నది. “పొరపాటు దొర్లినది” అందుము. కొండమీది రాయివలె అది తనంత దొర్లి వచ్చి పడినట్లు! కచేరీలనుండి వచ్చు ఉత్తరములలో “సాంకేతిక లోపమువలన” అని మరియొక తెర వేయుదురు. యంత్రము మాట్లాడజాలదు గనుక నిందను మోయుటకు మిక్కిలి యనుకూలము. మా మొదటి చిత్తుప్రతిలోను ఆ మాటయే యుండెను.

తప్పు తెలిసిన వెంటనే అందరకును చెప్పవలెనా, నొచ్చినవారిని ముందుగ అడుగవలెనా యనునది కొంచెము చిక్కైన ప్రశ్న. 2015వ సంవత్సరమున లండనులోని యొక వైద్యశాలవారు హెచ్.ఐ.వి. రోగులు మొదలగువారికి వార్తాలేఖ పంపుచు, 781 చిరునామాలను బీసీసీ యను మరుగు గడిలో గాక అందరకును కనబడు గడిలో పెట్టిరి. వానిలో 730 చిరునామాలందు పూర్తి పేర్లే యుండెను. మరుసటి యేడు ఆ సంస్థకు 1,80,000 పౌనుల జుల్మానా పడినది. 2021లో బ్రిటిషు రక్షణశాఖవారు తమకు దుబాసీలుగా పనిచేసి తాలిబానులకు వెరచి దాగియున్న ఆఫ్ఘనులకు ఉత్తరము వ్రాసి ఇదే తప్పు చేసిరి. ఇన్నూటయేబదికి పైగా చిరునామాలు బయటపడెను. ఇట్టిచోట ఆలోచనకు వ్యవధి లేదు. ప్రాణము పోవు సందర్భమున ముందు హెచ్చరిక, పిదప క్షమాపణ. మన దేశమున 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ శాసనమునందును, సమాచారము బయటపడినప్పుడు బాధితులలో ప్రతి యొక్కరికిని ఆ సంగతి తెలుపవలెనను నియమము కలదు. కాని పోయినది పరువైనచో, ఆ పరువు గలవారిని అడుగక మరల వారి పేరెత్తుట రెండవ దెబ్బ కావచ్చును. కొందరు పేరెత్తవద్దందురు, కొందరు తప్పక ఎత్తుమందురు. అది వారి యిష్టము, మన సౌకర్యము కాదు.

పంపిన యుత్తరమును వెనుకకు రప్పించు ఉపాయములు లేకపోలేదు. గూగులువారు 30 సెకండ్ల వరకు గడువిత్తురు. మా తప్పులు సాధారణముగ ముప్పదియొకటవ సెకండున కనబడును. మరికొన్ని సాధనములు “ఈ ఉత్తరమును పంపినవారు వెనుకకు తీసికొనగోరుచున్నారు” అని చాటును. అంతవరకు చదువనివారును అప్పుడు చదువుదురు. అందుకొన్నవారికిని ఒక ధర్మము కలదు. 2016 నవంబరులో ఇంగ్లండు ఆరోగ్యశాఖలో ఒక పరీక్షా ఉత్తరము పొరపాటున 8 లక్షలకు పైబడిన యుద్యోగులకు పోగా, “నాకిది పంపవలదు” అని పలువురు అందరకును ప్రత్యుత్తరమిచ్చి ఆ యంత్రాంగమును స్తంభింపజేసిరి. మా భవనమున ఇద్దరే అందరకు బదులిచ్చిరి. అందొకరు నవ్వుబొమ్మను పంపిరి. ఆ బొమ్మను ఆ పెద్దాయన చూచెనో లేదో అడుగుటకు మాకు నోరు రాలేదు.

తుదకు ఆయననే యడిగితిమి. పేరు వ్రాయుడనిరి, ఇంటి సంఖ్యయు వ్రాయుడనిరి. ఈ వ్యాసమున మేము “మేము” అని వ్రాయుట పత్రికామర్యాద. ఆ యుత్తరమున మాత్రము అట్లు వ్రాసినచో తప్పును సంఘమున కంతకును పంచిపెట్టినట్లగును. అందుచే “నేను పరీక్షింపక వ్రాసితిని. ఈయన ఒక్క నెలయు బాకీ లేరు. మీకు అసత్యము చెప్పినందుకు మిమ్మును, నింద మోపినందుకు వారిని, క్షమాపణ వేడుచున్నాను” అని మూడు వాక్యములు వ్రాసి, మొదటి యుత్తరము పోయిన ప్రతి చిరునామాకును పంపితిమి. అసలు బాకీ ఎవరిదో అందు వ్రాయలేదు. ఆ యింట ఉద్యోగము పోయినదని మాకప్పటికి తెలిసియుండెను. కాని సవరించిన పట్టికను అంతకుముందే పంపియుంటిమి గదా; చూడదలచినవారు చూచియే యుందురు. దానికి మాయొద్ద నేటికిని మందు లేదు. ఆ తరువాత అట్టి పట్టికలను పంపుట మాన్పించితిమి.

మరుసటి నెల మొదటి తేదీన పెద్దాయన రుసుము చెల్లింప వచ్చిరి. మేము వ్రాసియిచ్చిన రసీదును రెండుమారులు చదివి, అంకెను వ్రేలితో తాకి చూచి, గుడ్డసంచి విప్పిరి. అందు రసీదులకు పైన మా మూడు వాక్యముల యుత్తరము, కుమారుడు అచ్చువేయించుకొమ్మని చెప్పగా అచ్చువేయించినది, నాలుగు మడతలుగా ఉండెను. రసీదును దాని క్రింద దోపి సంచి ముడివైచుకొని పోయిరి.