మిత్రుడు వదిలిన పాదుకలు

మా సీమ పల్లెల్లో మనిషి పోయిన ఇంట ఆ రాత్రి తత్వాలు పాడతారు. వాకిట్లో దీపం పెట్టి, చాప పరిచి నలుగురు కూర్చుంటారు. ఒకరి చేతిలో తంబుర, ఒకరి చేతిలో చిడతలు, మరొకరి ముందు డోలక్. బ్రహ్మంగారి తత్వంతో మొదలుపెడితే తెల్లవారేదాకా పాట సాగుతుంది. ఏడ్చి ఏడ్చి అలసిన ఇంటివాళ్ళు గోడకు ఆనుకుని వింటూ ఉంటారు. సంగీత శాస్త్రం చదవని ఆ గాయకులు చేసే పని చాలా పెద్దది. వాళ్ళు దుఃఖాన్ని ఆపరు. దానికొక శ్రుతి పెడతారు.

మరి ఆ పాడేవాళ్ళలోనే ఒకరు పోతే? ఎప్పుడూ తంబుర పట్టే మనిషే ఆ రాత్రి వాకిట్లో కదలకుండా పడుకుని ఉంటే? అప్పుడూ పాడతారు. పక్కన కూర్చునే మిత్రుడే ఆ తంబుర అందుకుంటాడు. అందుకున్న చెయ్యి వణుకుతుంది, గొంతు జీరపోతుంది. పాట మాత్రం ఆగదు.

సెప్టెంబరు 19 వచ్చినప్పుడల్లా నాకు ఆ వణికే చెయ్యి గుర్తొస్తుంది. 2014లో ఆ రోజున మాండలిన్ శ్రీనివాస్ చెన్నైలో కన్నుమూశారు. కాలేయ మార్పిడి తరువాత తలెత్తిన సమస్యలు ఆయనను తీసుకుపోయాయి. అప్పటికి ఆయన వయసు 45 ఏళ్ళే. పుట్టింది పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో అయినా మా నేలతోనూ ఆయనకు బంధం ఉంది. సత్యసాయి బాబా భక్తుడిగా పుట్టపర్తి ప్రశాంతి నిలయంలో ఎన్నోసార్లు వాయించారు. కర్ణాటక సంగీతం ఆయనను విద్వాంసుడిగా తలుచుకుంటుంది. జాజ్ సంగీత లోకం కూడా తమవాడిగానే తలుచుకుంటుంది. ఈ రెండింటికీ మించి, ఆయనను మిత్రుడిగా తలుచుకునే కొందరు ఉన్నారు. వాళ్ళు ఆ తలపును ఎలా నిలుపుకున్నారో చూస్తే, పోయినవాళ్ళను తలుచుకోవడం కూడా ఒక సాధనేనని తెలుస్తుంది.

ఒంటిమిట్ట కోదండరాముడి ఆలయంలో పోతన విగ్రహం ఉంది. ఆ మహాకవి తెలుగులోకి తెచ్చిన భాగవతంలో ప్రహ్లాదుడు తొమ్మిది భక్తి మార్గాలు చెబుతాడు. సంస్కృత మూలంలోని వరుసలో మొదటిది శ్రవణం, మూడోది స్మరణం, ఎనిమిదోది సఖ్యం. వినడంతో మొదలైన ప్రయాణం స్నేహం దాకా రావడానికి ఎన్ని మెట్లు ఎక్కాలో ఆ వరుసే చెబుతుంది. ఎక్కువ మందిమి మొదటి మెట్టు దగ్గరే తడబడతాం. ఎదుటివారు మాట్లాడుతుంటే మన జవాబును సిద్ధం చేసుకుంటూ ఉంటాం. దాన్నే వినడం అనుకుంటాం.

శ్రీనివాస్ చదువు శ్రవణంతోనే మొదలైంది. 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఆ పిల్లవాడు ఆరేళ్ళ వయసులో తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ చేతికి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్ర విద్వాంసులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. అందుకని ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగ మీద పలికించేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో, తీగను ఎంత లాగాలో చూపించేవారు లేరు. గురువు గొంతులో స్వరం ఎలా ఊగిందో చెవితో పట్టుకుని, ఆ ఊపును వేళ్ళతో వెతుక్కోవాలి. గురువుకు రాని వాద్యం మీద గురువు విద్య పలకాలంటే శిష్యుడు ఒళ్ళంతా చెవి చేసుకోవాల్సిందే. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి ఆ బాలుడికి తొమ్మిదేళ్ళు.

ఆయన ఎన్నుకున్న వాద్యం కూడా తేలికగా లొంగేది కాదు. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు, జంటలుగా నాలుగు వరుసలు. మీటిన నాదం నిలవకుండా వెంటనే ఆరిపోతుంది. జంట తీగలను పక్కకు లాగి గమకం పలికించడం కష్టం. గమకం లేకపోతే మన రాగానికి ప్రాణం లేదు. శ్రీనివాస్ జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని నాదం నిలిచేలా చేసుకున్నారు. పరాయి వాద్యంతో మన సంగీతమా అన్నవాళ్ళు లేకపోలేదు. రెండు శతాబ్దాల కిందట బాలుస్వామి దీక్షితులు వయొలిన్ అందుకున్నప్పుడు అదీ పరాయి వాద్యమే. ఇవాళ వయొలిన్ లేని కచేరీని ఊహించలేం. ప్రేమగా పెంచుకుంటే పరాయిది అయినవాళ్ళలో కలిసిపోతుంది. ఉగాది నాడు కడప ముస్లిములు స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచని దేవుని కడప వెంకన్న గుడికి కాయా కర్పూరాలతో వెళ్తారు. ఆ దృశ్యం చూసి పెరిగినవాళ్ళకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఆయన వాయించారు. అప్పటికి పద్నాలుగేళ్ళవాడు. జాజ్‌కు ప్రాణం అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడం. మన విద్వాంసులు మనోధర్మం అనేది అలాంటిదే. రాసిపెట్టుకున్నది వాయించడం కాదు, పక్కవాడు ఇప్పుడు ఏమన్నాడో విని దానికి ఇప్పుడే బదులు పలకడం. ఇలా రెండు దారులూ కలిసే చోట శ్రీనివాస్‌కు ఒక పెద్ద మిత్రుడు దొరికాడు. ఆయన ఇంగ్లండులో పుట్టిన జాజ్ గిటార్ విద్వాంసుడు జాన్ మెక్లాఫ్లిన్.

మెక్లాఫ్లిన్ కూడా వింటూ మనవైపు నడిచి వచ్చినవారే. వీణ నేర్చుకున్నారు. 1970లలో తబలా జాకిర్ హుస్సేన్, వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయక్‌రామ్‌లతో కలిసి ‘శక్తి’ బృందం కట్టారు. గమకం పలకడం కోసం గిటార్ మెట్ల మధ్య కర్రను గుంటలుగా చెక్కించుకున్నారు. ఒకాయన మాండలిన్ తీగలు మార్చుకున్నారు, ఒకాయన గిటార్ కర్రను తొలిపించుకున్నారు. నాదం కోసం తమ వాద్యాన్ని మార్చుకోవడానికి వెనుకాడని ఆ ఇద్దరూ ఇరవయ్యో శతాబ్దం చివర ‘రిమెంబర్ శక్తి’ పేరిట ఒకే వేదిక మీద కూర్చున్నారు. వయసులో తేడా 27 ఏళ్ళు. భాష వేరు, నేల వేరు.

వాళ్ళు వాయించుకున్న తీరు విన్నవారికి సఖ్యం అంటే ఏమిటో తెలుస్తుంది. గిటార్ ఒక వాక్యం అంటుంది. మాండలిన్ దాన్ని అందుకుని చివర ఒక మెలిక వేసి తిరిగిస్తుంది. వాక్యాలు పొట్టివవుతూ మాటలవుతాయి, మాటలు అక్షరాలవుతాయి, చివరికి రెండూ ఒకే ధారగా కలిసిపోతాయి. గెలుపోటములు లేని పందెం అది. ఎదుటివాడు బాగా వాయిస్తేనే తనకూ బాగా వాయించాలనిపిస్తుంది. శ్రీనివాస్ వాయిస్తున్నంతసేపూ పసిపిల్లవాడిలా నవ్వుతూ ఉండేవారు. ఆ నవ్వు ఎదుటి వాద్యానికి ఇచ్చే మర్యాద. ‘విన్నాను’ అని చెప్పడం.

ఒంటిమిట్ట గర్భగుడిలో ఒకే శిలలో రాముడు, సీత, లక్ష్మణుడు ఉంటారు. హనుమ ఉండడు. రాముడికి హనుమ ఇంకా తారసపడని కాలపు మూర్తి అని పెద్దలు చెబుతారు. అక్కడ నిలబడినప్పుడు నా చూపు ఎప్పుడూ రాముడి పాదాల దగ్గరి ఆ ఖాళీ మీదికి పోతుంది. అది రాబోయే ఆప్తుడి చోటు. హనుమ తనను బంటు అనుకోవచ్చు గాక, రాముడు ఆయనను గుండెకు హత్తుకున్నాడు. ప్రతి స్నేహానికీ అలాంటి ఖాళీలు రెండు ఉంటాయి. కలవకముందు ఒకటి, పోయిన తరువాత ఒకటి. మొదటిది ఎదురుచూపుతో నిండుతుంది. రెండోది దేనితో నిండాలి?

ఈ ప్రశ్నకు మా నేల మీదే ఒక జవాబు ఉంది. బ్రహ్మంగారు, అంటే పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి, పాత కర్నూలు జిల్లా బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాశారు, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారు. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో 1693లో జీవసమాధి అయ్యారు. ఆయన ప్రియశిష్యుడు సిద్ధయ్య ముడుమాల దూదేకుల ఇంటి బిడ్డ. సమాధిలోకి వెళ్ళే ముందు స్వామి సిద్ధయ్యను పూలు తెమ్మని బనగానపల్లెకు పంపారట. పూలతో తిరిగి వచ్చేసరికి సమాధి మూసేసి ఉంది. సిద్ధయ్య నేల మీద పడి గుండెలు బాదుకున్నాడు. ఆ ఏడుపు విని స్వామి సమాధిలోంచి లేచి వచ్చి ఓదార్చారని, తన దండం, కమండలం, పాదుకలు, ఉంగరం ఇచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళారని భక్తుల విశ్వాసం.

ఈ కథ చిన్నప్పటి నుంచి విన్నాను. చాలా ఏళ్ళ తరువాత గాని ఆ వస్తువుల వంక సరిగా చూడలేదు. దండం ఎక్కుడు దారిలో ఊతం. కమండలం దాహం తీర్చే నీళ్ళకు. పాదుకలు ముళ్ళదారికి. అన్నీ నడిచేవాడికి కావలసినవే. కూర్చుని ఏడ్చేవాడికి వీటితో పనిలేదు. ఇక ఉంగరం బాధ్యతకు గుర్తు. ‘నా కోసం ఇక్కడే ఉండిపో’ అనలేదు గురువు. ‘నా చెప్పులు వేసుకుని నడువు’ అన్నాడు.

శ్రీనివాస్ మిత్రులు చేసింది ఇదే. తమ్ముడు రాజేశ్ అన్న నేర్పిన మాండలిన్‌ను వదలలేదు. ‘శక్తి’ బృందం మళ్ళీ కూడింది. వయొలిన్‌తో గణేశ్ రాజగోపాలన్ వచ్చి కలిశారు. వినాయక్‌రామ్ కుమారుడు సెల్వగణేశ్, గాయకుడు శంకర్ మహదేవన్ ఎప్పటిలాగే పక్కన ఉన్నారు. 2023లో ఆ బృందం విడుదల చేసిన ‘దిస్ మూమెంట్’ ఆల్బమ్‌లో మొట్టమొదటి రచన పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’. శ్రీనివాస్ కల అన్నమాట. మిత్రుడిని తలుచుకోకుండా మొదలుపెట్టలేకపోయారు. తలుచుకున్నాక ఆగిపోనూ లేదు. 2024 ఫిబ్రవరిలో ఆ ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్ కూడా వెళ్ళిపోయారు. తంబుర అందుకున్న చేతులు కూడా ఒకనాడు దాన్ని మరొకరికి అందించి పోవలసిందే. ఇందులో విషాదం ఉంది. పరంపర అనే మాటకు అర్థం కూడా ఇందులోనే ఉంది.

స్మరణం అంటే ఫొటోకు దండ వేసి సంవత్సరానికి ఒకసారి కన్నీళ్ళు పెట్టుకోవడమే కాదు. దూరమైన మిత్రుడి గురించి మనల్ని మనం కొన్ని ప్రశ్నలు అడగవచ్చు. కష్టంలో అతను నాకు ఏ ఊతం ఇచ్చాడు? ఆ ఊతం ఇప్పుడు నేను ఎవరికి ఇస్తున్నాను? అతను ఎవరి దాహం తీర్చేవాడు? ఆ నీళ్ళు ఇప్పుడు ఎవరు పోస్తున్నారు? అతను నడిచిన దారిలో నేను ఇవాళ ఒక్క అడుగైనా వేశానా? అతను మొక్కలు పెంచినవాడైతే ఒక మొక్కకు నీళ్ళు పోద్దాం. పిల్లలకు చదువు చెప్పినవాడైతే ఒక పిల్లవాడిని దగ్గర కూర్చోబెట్టుకుందాం. మన మాట ఓపికగా విన్నవాడైతే, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిందే మళ్ళీ చెబుతున్నా మొదటిసారి విన్నట్టు విందాం. శ్రవణం, స్మరణం, సఖ్యం అక్కడ ఒకటవుతాయి.

మళ్ళీ ఆ చావింటి వాకిలి గుర్తు చేసుకుంటాను. మిత్రుడి తంబుర అందుకున్న మనిషికి తొలి జాములో తీగ సరిగా పలకదు. పక్కవాళ్ళు ఏమీ అనరు. చిడతల జోరు కాస్త తగ్గించి, అతని గొంతు కుదురుకునేదాకా ఆగుతారు. తత్వం వెనుక తత్వం నడుస్తుంది. కోడి కూసే వేళకు అతని వేలు ఆ తీగ మీద నిలకడగా ఆడుతూ ఉంటుంది. అది అతని వేలా, పోయిన మిత్రుడి వేలా అని వినేవాళ్ళు ఎవరూ అడగరు.