తాత గొంతు, టేపు బ్యాటరీలు

గుంతకల్లులో మా ఇంట్లో ఒక క్యాసెట్ ఉంది. మా తాత హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు పాడుతుంటే ఎవరో బ్యాటరీ టేప్‌రికార్డర్‌లో పట్టుకున్నది. చివరి పద్యానికొచ్చేసరికి ఆయన శ్రుతి మొదటికంటే పైకి పోతుంది. "ఎంతసేపు పాడితే గొంతు అంత లేస్తుండె" అని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు, ఉద్యోగం నేర్పిన పాడలవాటు కొద్దీ, ఆ శ్రుతిని కొలిచాను.

కొలిచే పద్ధతి కష్టమేం కాదు. శబ్దతరంగాన్ని దాని మీదే కాస్త కాస్త జరుపుతూ ఎక్కడ మళ్ళీ తనతో తాను సరిపోతుందో చూడాలి. 5 మిల్లీసెకన్లకు సరిపోతే సెకనుకు 200 కంపనాలు. 10కి కూడా సరిపోతుంది కనుక ప్రోగ్రామ్ ఒక్కోసారి ఒక స్థాయి కిందికి పొరబడుతుంది. 2002లో ద షెవేన్యే, కవహారా ప్రచురించిన 'యిన్' పద్ధతి ఇలాంటి పొరపాట్లను బాగా తగ్గించింది.

గీత నిజంగానే పైకి పోయింది. ఆధార షడ్జం మొదట్లో సుమారు 293, చివర్లో 311. ఒక మెట్టు తేడా. కానీ హార్మోనియం కూడా అంతే పెరిగింది! ఇత్తడి రీడ్లకు ఉత్సాహం ఉండదు కదా. రికార్డు చేస్తుండగా బ్యాటరీలు నీరసించి టేపు నెమ్మదించింది. అలాంటి టేపును మామూలు వేగంతో వేస్తే శ్రుతి పెరిగి వినిపిస్తుంది. వేగంలో ఆరు శాతం తేడా ఉంటే చాలు, ఒక మెట్టు.

వేగం సరిచేయడం పది నిమిషాల పని. ఆపైన ఆటోట్యూన్ లాంటిది వాడి తాత జారిన చోట్లు కూడా సర్దొచ్చు. అది చేయలేదు. యంత్రం తప్పు యంత్రానిది, జారుడు ఆయనది. పైగా మన సంగీతంలో స్వరం ఒక బిందువు కాదు, కదలిక. ఏది గమకమో ఏది తప్పో ఆ అంకెలు చెప్పవు.

అసలు ప్రశ్న వేరే. అవ్వకు చెప్పాలా? చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదనిపించింది. కానీ సరిచేసిన టేపు విన్నాక తెలిసింది: అంతసేపూ ఆయన హార్మోనియాన్ని విడిచి పోలేదు. ఆయన నిజంగా చేసింది అదీ. చేయని ఘనత అంటగట్టి, చేసిన దాన్ని మనమే కప్పేశాం.

చెప్పాను. అవ్వ కాసేపు మాట్లాడలేదు.

"పెరగకపోతే పాయె. శ్రుతిలో ఉన్న్యాడా ల్యాదా?"

"ఉన్నాడవ్వా."

"సరే. పాతదే పెట్టు నాయనా, నాకు అదే అలవాటు."

పెట్టాను.