ఒకరి భారము మరియొకరు మోయగలరా?



ఫ్రాన్సు దేశమందలి ఆల్ప్స్ పర్వతములలో ఆల్ప్ దుయెజ్ అను కొండ దారి కలదు. అది 21 మలుపులు తిరిగి, సుమారు 14 కిలోమీటర్ల దూరము పైకి పోవును. కేన్సరు వ్యాధి పరిశోధనకు ధనము సమకూర్చవలెనని నెదర్లాండ్సు దేశస్థులు కొందరు 2006వ సంవత్సరమున అక్కడికి వచ్చి, సైకిళ్లపై ఆ కొండ ఎక్క నారంభించిరి. తరువాత వేలకొలది జనులు వారితో కలిసిరి. శక్తిగలవారు ఒక్క దినముననే ఆరు మారులు ఎక్కుదురు. ఆ ఆరింటి యెత్తును కూడినచో 6,000 మీటర్లు దాటును. తల్లిని తలంచుకొని తొక్కువారును, చనిపోయిన బిడ్డను తలంచుకొని తొక్కువారును వారిలో కలరు.

ఇది విన్నప్పుడు మనకొక ప్రశ్న పుట్టును. ధనమిచ్చుటకు కొండ ఎక్కనేల? ఇంట కూర్చుండియే ఇయ్యవచ్చును గదా! ఒకని కాళ్లు నొచ్చినంత మాత్రమున వేరొకని వ్రణము మానునా?

గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయము 2వ వచనములో, ఒకరి భారములు ఒకరు మోయవలెనని పౌలు చెప్పెను. 5వ వచనములో ఎవరి బరువు వారే మోసికొనవలెననెను. ఈ రెండును ఎట్లు పొసగును? పొలము పనికి పోవు మనకిది తెలియనిది కాదు. గంప ఎవరి నెత్తిమీదిది వారే మోయవలెను. అయినను దానిని నెత్తికెత్తుటకు మరియొకరు చేయి వేయవలెను. అట్లే రోగి నొప్పి రోగిదే. దానిని ఎవరును పంచుకొనలేరు. అతని ఖర్చు, భయము, ఒంటరితనము, వీటికి మాత్రము మనము చేయి వేయవచ్చును. కొండమీద చెమటోడ్చువాడు, “నీవు ఒంటరివాడవు కావు” అని రోగితో చెప్పుచున్నాడు.

అయితే సైకిలు తొక్కినవాడు సాయంకాలమునకు కొండ దిగును, రోగి దిగడు. ప్రేమ లేనియెడల శరీరమునే అప్పగించినను ప్రయోజనము లేదని 1 కొరింథీయులకు 13:3 మనలను హెచ్చరించుచున్నది.

మేమిది సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము. మా సంఘములో ఒక సహోదరుడు ఈ వ్యాధితో పడియుండగా మేము చందాలు ఎత్తి, మొత్తమెంతో ఆరాధనలో చదివి వినిపించి, మా పని తీరినదనుకొంటిమి. ఆస్పత్రిలో రాత్రులు అతని యొద్ద భార్య తప్ప ఎవరును లేరు. “సంఘమువారు వచ్చెదరని తలుపువైపే చూచుచుండెనయ్యా” అని ఆమె తరువాత చెప్పినప్పుడు మేము తలలు వంచుకొంటిమి. ధనము అక్కరకు వచ్చినమాట నిజమే. కాని గంప ఎత్తుటకు రెండు చేతులు కావలెను. మేము ఒకటే చాపితిమి.

మనకు ఆల్ప్స్ కొండలు అక్కరలేదు. బస్సు దిగి, ఆస్పత్రి మెట్లెక్కి, ఒక రాత్రి మేలుకొని యుండుటయే మనము ఎక్కవలసిన కొండ. ఈ నెల మీ సంఘములో మంచము పట్టియున్నవారెవరు? తలుపువైపు చూచుచున్నవారెవరు? ప్రభువు మన రెండు చేతులను వాడుకొనును గాక. ఆమేన్.