నోరులేని పిల్లికి అంత జాగ్రత్త ఎందుకు?

పిల్లికి వెనక కాళ్ల ఆపరేషన్ చేసేటప్పుడు పూర్తి మత్తుతో పాటు వెన్నులో కూడా మందు ఇవ్వవచ్చు. నడుం కింది భాగం మొద్దుబారుతుంది, మిగతా మత్తు తక్కువ చాలుతుంది. మనుషులకు ఈ పద్ధతి 1898లో జర్మనీ డాక్టర్ ఆగస్ట్ బీర్ మొదలుపెట్టాడు.

మనుషుల్లో వెన్నుపాము నడుం పైభాగంలోనే ఆగిపోతుంది, సూది దానికి కిందే గుచ్చుతారు. పిల్లిలో అట్లా కాదు. వెన్నుపాము నడుం ఎముకల చివరిదాకా, కొన్నిట్లో ఇంకా కిందికి వస్తుంది. డాక్టరు వేలితో ఎముకలు తడిమి అందాజుగా గుచ్చడం పాత అలవాటు. అల్ట్రాసౌండ్ పెడితే ఎముకల మధ్య సందు, పోవాల్సిన లోతు తెరమీద కనిపిస్తాయి. (ఆ ధ్వని ఎముకలోంచి సరిగా పోదు, సందులోంచి పోతుంది. అందుకే సందు తెలుస్తుంది.)

"పిల్లికి ఇంత ఎందుకు? డబ్బు దండగ" అని మా ఇంట్లోనే అన్నారు. ఆ మాట పూర్తిగా తప్పని నేను అనను. మిషన్‌కు ఖర్చవుతుంది. ఫీజు పెరిగితే పేదవాళ్లు పిల్లిని డాక్టరు దగ్గరకే తీసుకురారు. అయినా మనిషికి సూది తప్పుగా తగిలితే "అమ్మా" అంటాడు, తర్వాత కాలు తిమ్మిరిగా ఉందని చెప్తాడు. మత్తులో ఉన్న పిల్లి ఏం చెప్తుంది? చెప్పలేని ప్రాణి విషయంలోనే అందాజు తగ్గించాలి కదా.

నాకు అసలు చిక్కు ఇంకోటి. డాక్టరు ఈ పని మొదట ఎవరి మీద నేర్చుకోవాలి? చచ్చిపోయిన పిల్లుల శరీరాల మీద నేర్చుకోవచ్చు. బతికున్న పిల్లి మీద అయితే, "నాకు ఇది కొత్త" అని దాన్ని పెంచేవాళ్లకు ముందే చెప్పి అడగాలి. వాళ్లు వద్దంటే ఆగాలి.