అన్న చెప్పొద్దన్న మాట

పోయినవాళ్ళ గురించి మాట్లాడటం కష్టమేం కాదు. మంచే చెప్పాలి, ఐదు నిమిషాల్లో ముగించాలి. కానీ పోయిన మార్చిలో అన్న జ్ఞాపకార్థ కూడికలో నన్ను మాట్లాడమన్నప్పుడు నా కాళ్ళు వణికాయి. ఆయన గురించి నాకు తెలిసిన అన్నిటికన్నా పెద్ద మంచి ఒకటుంది. అది ఎవరికీ చెప్పనని ఆయనకే మాటిచ్చాను.

డాలస్ శివార్లలో ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకి తీసుకుని మధ్యాహ్నం రెండింటికి తెలుగు ఆరాధన జరుపుకునే చిన్న సంఘం మాది. కుర్చీలు వేసేదీ, మళ్ళీ మడతపెట్టేదీ అన్నే. పోస్టాఫీసులో రాత్రిపూట ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం. నిద్రచాలని కళ్ళతో వచ్చి, ప్రసంగం మధ్యలో కునుకు తీసి, పురుషోత్తమ చౌదరి కీర్తన ఎత్తుకోగానే లేచి అందరికన్నా గట్టిగా పాడేవాడు. శ్రుతి సంగతి అడక్కండి.

వెనకాల ఆయనకి ఇంకో పేరుండేది, పిసినారి అని. సొంత మందిరం కట్టుకుందామని చందాల పుస్తకం తిప్పితే వంద డాలర్లు రాసి పక్కవాళ్ళకి అందించేశాడు. పిల్లల్లేరు, పాత కారు, ఇద్దరి జీతాలు, ఈ డబ్బంతా ఏం చేసుకుంటాడో అని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

2009 ఫిబ్రవరిలో నా ఉద్యోగం పోయింది. హెచ్1బి వాళ్ళకి ఉద్యోగం పోతే అరవై రోజుల దాకా గడువిచ్చే నిబంధన 2017లో వచ్చింది. అప్పట్లో అదీ లేదు. మా ఆవిడకి ఏడో నెల. లాయరుకి కట్టాలి, అద్దె కట్టాలి, ఊళ్ళో నాన్నకి తెలియకూడదు. ఒకరోజు తెల్లారి ఆరింటికి అన్న డ్యూటీ దిగి, తిన్నగా మా అపార్టుమెంటుకొచ్చి ఒక కవరు చేతిలో పెట్టాడు. మూడు నెలల అద్దె.

"అప్పు కాదు తమ్ముడూ, తిరిగివ్వొద్దు. ఎవరికీ చెప్పొద్దు. నేను పోయాక కూడా."

ఎందుకన్నా అంటే వాళ్ళ ఊరి కథ చెప్పాడు. అన్నది ఒంగోలు దగ్గర. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న వేలమందికి పని కల్పించాడు. ఆ పని నడుస్తున్నన్నాళ్ళూ బాప్తిస్మం అడిగినవాళ్ళకి ఇవ్వలేదు, తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని. కరువు పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. "మా ముత్తాత వాళ్ళలో ఒకడంట. బియ్యానికి కాదు అని తలెత్తుకుని చెప్పుకున్నాడంట చచ్చేదాకా. నువ్వు రేపు గుడికి రాకపోయినా, వచ్చినా, ఈ కవరు కోసం వచ్చాననుకోకూడదు."

మరి చనిపోయినవాడికిచ్చిన మాట మనల్ని కట్టేస్తుందా? ఆయన వినడు, బాధపడడు. మా ఆఫీసులో ఉద్యోగి వెళ్ళిపోతే ఆ సాయంత్రానికల్లా అకౌంటు మూసేస్తాం. మాటని అలా మూసెయ్యొచ్చా? ఆయన పోయాక కూడా అని ముందే అన్నాడు కాబట్టి కుదరదని నా మనసు చెప్పింది. కానీ కూడికలో నా వెనక వరసలో ఒకాయన "చెయ్యి కాస్త బిగువేగానీ మంచివాడు" అన్నాడు. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకొద్దని పది ఆజ్ఞల్లో ఉంది. అది పలికేవాడికేనా? నిజం తెలిసీ ఊరుకునేవాడికి కూడానా?

మైకు ముందుకెళ్ళి కుర్చీల గురించి చెప్పాను, పాటల గురించి చెప్పాను, దిగిపోయాను. మాట నిలబెట్టుకున్నానని కారులో అనుకున్నాను. ఇల్లు చేరేలోపే అనుమానం వచ్చింది. నేను కాపాడింది అన్న మాటనా, నా పరువునా? చెప్పుంటే మా పిల్లాడి ముందు, నేను బాస్‌గా ఉన్న ఇద్దరు కుర్రాళ్ళ ముందు, ఒకరి కవరుతో అద్దె కట్టినవాణ్ణని తెలిసేది. రెండూ ఒకే మౌనంలో దాక్కున్నాయి, విడదీయడం నావల్ల కాలేదు.

వారం తర్వాత వదిన ఫోన్ చేసి రమ్మంది. బ్యాంకు కాగితాలు బల్ల మీద పరిచి ఉన్నాయి. "మీ అన్న ఇంత డబ్బేం చేశాడో నాకు తెలీదు. ఇంకో సంసారం ఏమన్నా ఉందా? నీకు తెలిస్తే చెప్పు, నేనేం అనుకోను."

చెప్పేశాను, నా సంగతి ఒక్కటే. ఆ డబ్బులో సగం ఆమె డే కేర్‌లో పిల్లల్ని ఎత్తుకుని సంపాదించింది. ఆమెకి కూడా చెప్పొద్దనే హక్కు అన్నకి లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆమె ఏడవలేదు. కోపంగా అంది, "నాతో చెబితే వద్దంటాననుకున్నాడా?" దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు రాస్తున్నావుగా అంటారేమో. ఆయన పేరు రాయలేదు, నా తల దించుకునే భాగం దాచలేదు. ఇంతకన్నా మంచి సర్దుబాటు నాకు తోచలేదు.

వదిన ఆ కాగితాల మీద తీసిన మొత్తాలకి పెన్సిలుతో సున్నాలు చుట్టింది. నాది ఒక్కటే, ఇంకా చాలా ఉన్నాయి. "మిగతావాళ్ళెవరు?" అంది. తెలీదన్నాను. ఆ రాత్రి నిద్రపట్టక కూడికంతా గుర్తుచేసుకున్నాను. మైకు ముందు నాలాగే కుర్చీల గురించే మాట్లాడి గబగబా దిగిపోయినవాళ్ళు ఇంకో ముగ్గురున్నారు.