నా కోసం పట్టి పెట్టిన తావు

వానలు మొహం చాటేసిన ఏడు, మా నల్లమాడలో తలాకొంత వేసుకొని తోలుబొమ్మలాట పెట్టించారు. కథ విరాటపర్వం. అది చదివినా, ఆడినా వాన పడుతుందని పెద్దల నమ్మకం. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే సీమ ఇది. శెనక్కాయ విత్తనం ఇంట్లో పెట్టుకొని మబ్బు వైపు చూసేవాళ్లు ఆ నమ్మకాన్ని ఊరికే వదులుకోరు. చందాకు వచ్చిన పిల్లలకు ఫోన్‌పే చేశాను, అడిగినదానికి రెండొందలు ఎక్కువే. ఆటకు మాత్రం పోలేదు.

పోకపోవడం పెద్ద తప్పేమీ కాదు. ఆ రాత్రి నేనేం చేశానన్నదే నన్ను వదలడం లేదు. ఇంట్లో పడక్కుర్చీలో కూర్చొని, ఫోన్‌లో తోలుబొమ్మలాట చూశాను. పక్కన వెలుగుతున్న దీపం తొడుగు కూడా నిమ్మలకుంటలో కొన్నదే. వెలుగు దూరేటంత పలచని మేకతోలు మీద సీతమ్మ బొమ్మ. ఆమె కమ్మల దగ్గర, వడ్డాణం దగ్గర సన్నసన్నగా పొడిచిన బెజ్జాల్లోంచి వెలుగు గోడ మీద చుక్కలుగా పడుతుంటుంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు 'మా జిల్లా ఆయన' అని తెలిసినవాళ్లందరికీ మెసేజ్ పెట్టినవాణ్ణి నేను. ఇప్పుడు మా రచ్చకట్ట దగ్గర చెక్కల మీద కాళ్లు తొక్కుతున్న చప్పుడూ, గజ్జెల మోతా గోడలు దాటి వస్తున్నాయి. వీడియో సరిగా వినబడటం లేదని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

ఫోన్‌లో చూసే ఈ అలవాటు 2020 లాక్‌డౌన్‌లో మొదలైంది. గడప దాటే వీలు లేని ఆ నెలల్లో ఫోన్ నాకు ఎంతో ఇచ్చింది. సురభివాళ్ల మాయాబజార్ చూశాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో వాళ్ల నాటకం మొదలైందని, అంతకుముందు ఆ కుటుంబాలవాళ్లు తోలుబొమ్మలే ఆడించేవారని అప్పుడే తెలుసుకున్నాను. తిరువయ్యూరు నేనెప్పుడూ పోలేదు. పుష్య బహుళ పంచమి నాడు అక్కడ విద్వాంసులంతా బారులు తీరి కూర్చొని, ఒక్క గొంతుతో త్యాగయ్య పంచరత్నాలు పాడటం దూరదర్శన్ పుణ్యాన ఇంట్లోంచే చూశాను. శ్రీరాగం వచ్చేసరికి కళ్లు చెమర్చేవి. ఆ కన్నీళ్లు దొంగవి కావు. ఈ రోజుకీ ఆ మాట గట్టిగానే చెప్పగలను.

మరి దొంగతనం ఎక్కడుంది?

ఆటకు పోకపోవడానికి కారణం మోకాళ్ల నొప్పి అనుకున్నాను మొదట. తర్వాత, రాత్రి మంచు పడదు అనుకున్నాను. ఏదీ నిజం కాదు. ఫోన్‌లో చూసేటప్పుడు, నవ్వించే బొమ్మలు కేతిగాడు, బంగారక్క వచ్చిన చోటల్లా వేలితో ముందుకు జరిపేస్తాను, మోటు హాస్యమని. చిన్నప్పుడు అవ్వ ఒళ్లో తెల్లవార్లూ మేలుకున్నది వాళ్ల కోసమే. ధర్మరాజు కోసం కాదు. రచ్చకట్ట దగ్గర జరపడానికి వీలుండదు. కేతిగాడు ఊళ్లోవాళ్ల పేర్లు పట్టుకొని ఆడిపోసుకోవడం నా చిన్నతనం నుంచీ ఎరుగుదును. నా పేరు తీస్తే? నవ్వితే పెద్దరికం పోతుంది. నవ్వకపోతే నేను వీళ్లలో ఒకణ్ణి కానని తేలిపోతుంది. కళ గురించి నాలుగు విషయాలు తెలిసినవాడన్న పేరు ఊళ్లో సంపాదించుకున్నాను. దాన్ని ఒక తోలుబొమ్మ ముందు పెట్టడానికి మనసొప్పలేదు.

అంతేనా అంటే, ఇంకొకటి ఉంది. గట్టు తగాదాలో ఆరేళ్లుగా మాటలు లేని మనిషి కూడా ఆటకు వస్తాడు. ఒకే పట్టా మీద, మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చోవాలి. ఒకే చోట ఇద్దరం నవ్వామంటే ఆ కోపం ఏమవుతుంది? ఆ కోపాన్ని కాపాడుకోవడానికి కూడా నేను ఇంట్లో ఉండిపోయానేమో. రాస్తుంటేనే ఇది తడుతోంది, సిగ్గుగానూ ఉంది. ఫోన్‌లో ఎవరి పక్కనా కూర్చోనక్కరలేదు. విసుగొస్తే కట్టేయవచ్చు, నేను లేచిపోయానని ఆడేవాళ్లకు తెలియదు. బొమ్మలాటలో తెర వెనకవాళ్లకు మన మొహాలు కనబడకపోయినా, జనం పలచబడితే చప్పుడును బట్టి తెలుస్తుంది. నేను ఇష్టపడినది కళనా, లేక ఎవరికీ తెలియకుండా లేచిపోగల వీలునా?

మా అమ్మను చూస్తే ఈ అనుమానం ఇంకా చిక్కబడుతుంది. తుంటి విరిగి రెండేళ్లుగా మంచంలో ఉంది. నేను పెట్టిచ్చిన హరికథలన్నీ అదే ఫోన్‌లో చూస్తుంది. కథ అయ్యి మంగళం పాడేటప్పుడు, వణికే చేతులు రెండూ ఎత్తి తెరకు దండం పెడుతుంది. అంత చిన్న తెర ముందు కూడా ఆమె సభలోనే ఉంటుంది. కాబట్టి నేరం ఫోన్ మీదికి తోయడానికి లేదు.

పంచరత్నాల్లో రెండోది గౌళ రాగంలో ఉంది. త్యాగయ్య అందులో తన తప్పులు ఒక్కొక్కటే తానే ఎంచుకుంటూ పోతాడు. ఇన్నేళ్లుగా దాన్ని నేను జరిపేస్తూనే వచ్చాను, పొడుగెక్కువని, శ్రీరాగం దగ్గరికి తొందరగా చేరాలని. నాకు కావలసింది కళ్లు చెమర్చే చోటు మాత్రమే.

ఆట అయిన మరునాడు పొద్దున పాల కోసం పోతుంటే, చందాకు వచ్చిన పిల్లల్లో ఒకడు ఎదురయ్యాడు. రాత్రంతా నిద్ర లేక వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏం చిన్నాయనా, రాత్రి రాలేదేమి? నీకోసరం ముందర తావు పట్టి పెట్టింటిమి. తెల్లవారేదాకా ఎవరినీ కూచోనీలే."

"మోకాళ్లు నాయనా" అన్నాను.

వాడు నమ్మాడు. "అయ్యో, చెప్పింటే కుర్చీ యేసుందుము గదా" అన్నాడు.

ఆ రాత్రి గౌళ కృతి పెట్టుకొని మొదటినుంచీ విన్నాను. రెండుసార్లు వేలు తెర మీదికి పోయింది, వెనక్కి తీసుకున్నాను. మోకాళ్ల సంగతి అబద్ధమని ఆ పిల్లవాడికి ఇంకా చెప్పలేదు.