వెనక్కి తిరిగే హక్కు ఎవరిది?

ప్రాణం నాది, కనుక దాన్ని పణంగా పెట్టే హక్కూ నాదే అనే వాదం వినడానికి బాగానే ఉంటుంది. దానికి మన పెద్దలు ఒక్క సామెతతో జవాబు చెప్పేస్తారు: అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని. నాకు ఈ రెండూ పూర్తిగా మింగుడుపడవు. మొదటి వాదానికి మనిషి చుట్టూ ఉన్న మనుషులు కనపడరు. రెండోదాన్ని అక్షరాలా పాటించి ఉంటే మన తాతముత్తాతలు సొంత ఊళ్లు వదిలి ఇన్ని రాష్ట్రాలకు చేరేవారే కాదు. (వాళ్లది సాహసం కాదు, పొట్టకూటి ప్రయాణం అంటారా, ఒప్పుకుంటాను.)

సంగతిని గాలిలో ఉంచకుండా ఒక దారి మీద పెట్టి చూద్దాం. హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్‌లో చంద్రా నది లోయ ఉంది. ఒకప్పుడు మంచు తొలిచిన లోయ అది. అందుకే నది కోసిన లోయలా ఇరుకుగా ఉండక, అడుగు వెడల్పుగా, గోడలు నిటారుగా ఉంటాయి. ఆ రాష్ట్రంలోకెల్లా పెద్దదైన బడా శిగ్రీ హిమానీనదం దిగేది ఈ లోయలోకే. గ్రాంఫూ నుంచి బాతల్ దాకా సుమారు 50 కిలోమీటర్లు. చాలా చోట్ల దాన్ని రోడ్డు అనడం మర్యాద కోసమే, ఉన్నవన్నీ గుండ్లూ కంకరా వాగులే. బాతల్ దాటాక దాదాపు 600 మీటర్లు ఎక్కితే కుంజుమ్ కనుమ, ఎత్తు 4,551 మీటర్లు. బెంగుళూరులో ఉద్యోగాలు చేసుకునే మా హోసూరు కుర్రాళ్లు నలుగురు ఈ దారిన సైకిళ్ల మీద పోవాలని ఒక ప్రణాళిక రాసుకున్నారు. ఆ కాగితం నాకు చూపించారు. ట్యూబులు, బ్రేకు కట్టలు, చైను లింకులు అన్నీ లెక్కగా ఉన్నాయి. వాటి జోలికి నేను పోను.

ఆ కాగితంలో నాకు నచ్చినది వాగుల లెక్క. కొండమీది మంచు ఎండకు కరుగుతుంది. ఆ నీరు కిందికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పొద్దున పిక్కల లోతు ఉన్న వాగు సాయంత్రానికి మనిషిని పడదోస్తుంది. లాహౌల్‌లో ఒక వాగుకు పాగల్ నాలా అనే పేరే ఉంది. పిచ్చిది అంటారు గాని, ఇలాంటి వాగుల పిచ్చికి ఒక వేళ ఉంటుంది, తెల్లవారుజామున వాటికి తెలివి ఉంటుంది. అందుకని ఈ పిల్లలు చీకటితో లేచి, పొద్దెక్కకముందే వాగులు దాటాలని రాసుకున్నారు. ఇక్కడ మనిషి తన పంతాన్ని నీటి వేళకు లొంగదీశాడు. నేను మెచ్చుకునే సాహసం ఇలాంటిది.

నచ్చనిది సెలవుల లెక్క. చేతిలో ఉన్నవి 9 రోజులు. మనాలీ 2,050 మీటర్ల ఎత్తున ఉంటే, మూడో రాత్రికే బాతల్‌లో, అంటే దాదాపు 4,000 మీటర్ల దగ్గర పడుకోవాలని రాశారు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలని వైద్యులు చెబుతారు. సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా, 400 కిలోమీటర్లకు పైబడి తిరిగి కాజా చేరి, అటునుంచి కుంజుమ్ దాటితే ఒంటికి అలవాటయ్యే వ్యవధి దొరుకుతుంది. కాని ఆఫీసు సెలవు దొరకదు. ఒంటి లెక్కను సెలవు చీటీకి కుదించడం ధైర్యం ఎలా అవుతుంది?

అసలు ప్రశ్న దీని తర్వాత వస్తుంది. నలుగురిలో ఒకడికి బాతల్‌లో తలనొప్పి మొదలైందనుకోండి. తిండి సహించదు, నిద్ర పట్టదు. పొద్దున మిగతా ముగ్గురూ హుషారుగా ఉన్నారు. వాడు నోరు విప్పుతాడా? మగపిల్లల గుంపులో అది ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. అలా దాచడాన్ని ఓర్పు అంటాం మనం. నా మటుకు అది తోటివాళ్లకు చెప్పిన అబద్ధమే. ఎందుకంటే కుంజుమ్ దాటాక వచ్చే లోసర్ కూడా 4,000 మీటర్ల పైనే ఉంది. జబ్బు ముదిరితే చేయవలసిన మొదటి పని కిందికి దిగడం. కనుమ మీదికి పోయాక ఆ కిందు రెండు వైపులా దూరమైపోతుంది. పైగా ప్రాణవాయువు తగ్గినప్పుడు ముందు తప్పేది అంచనా. తనకు బాగానే ఉందని చెప్పేవాడి మాటను ఆ ఎత్తులో సాక్ష్యంగా తీసుకోలేం. అయితే ఆ దాపరికానికి వాడొక్కణ్నే తప్పుపట్టను. మిగతా ముగ్గురూ ఇంటి దగ్గరే వాడికి మాట ఇచ్చి ఉండాల్సింది.

ఇక ఆ నలుగురి వెనుక ఇంకెందరున్నారో చూడండి. 2018 సెప్టెంబరులో అకాల హిమపాతానికి లాహౌల్‌లో వందలమంది చిక్కుకుంటే వైమానిక దళం హెలికాప్టర్లు పంపవలసి వచ్చింది. 2023 జులైలో, నడి వేసవి యాత్రల కాలంలో, చంద్రతాల్ దగ్గర రెండొందలమందికి పైగా యాత్రికులు మంచులో ఉండిపోయారు. కుంజుమ్ మీద మంచు తవ్వి దారి చేసి వాళ్లను బయటికి తెచ్చారు. ఈ కొండదారులు వేసే కూలీలలో చాలామంది జార్ఖండ్ వంటి దూరప్రాంతాలనుంచి వచ్చినవాళ్లు. మన కుర్రాళ్లు సవాలు అంటున్న ఆ రాళ్ల మీద వాళ్లు రోజుకూలికి పారలు పట్టుకుని నిలబడతారు. నా ప్రాణం నా ఇష్టం అన్నవాడు ఈ మనుషుల ప్రాణాలను ఏ పద్దులో రాసుకున్నాడు?

కాబట్టి వెళ్లొద్దని అనలేదు నేను. కాగితం మీద ఒక వాక్యం చేర్చమన్నాను: బాతల్ దగ్గర నలుగురిలో ఎవరు వెనక్కి పోదామన్నా నలుగురూ తిరగాలి, మనాలీ చేరేదాకా ఎందుకని అడగకూడదు. ఒకడు వెంటనే, భయపడి ఉత్తుత్తి తలనొప్పి చెబితేనో, అన్నాడు. చెప్పనీ. వాడికి టీ తాగించి, సైకిలు జీపు మీదికెక్కించండి అన్నాను. నాలుగు సంతకాల్లో మూడు పడ్డాయి.